మూత వేస్తే కాగుతుంది, తీస్తే ఆవిరవుతుంది: ఎండాకాలంలో హాట్ టబ్ లెక్కలు

క్లుప్తంగా: హాట్ టబ్ అంటే పంపు, హీటరు, నీళ్ళు చిమ్మే జెట్లు, మూత ఉన్న వేడినీళ్ళ స్నానపు తొట్టె. ఎండాకాలంలో ఆరుబయట ఉన్న హాట్ టబ్‌కు నీళ్ళు వేడెక్కకపోవడం సమస్య కాదు, ఎక్కిన వేడి బయటికి పోకపోవడమే సమస్య. ఆ వేడి పోయే దారి ఆవిరి. గాలి పొడిగా ఉండే మహారాష్ట్రలోని చంద్రపూర్ వైపు రాత్రి మూత తీస్తే నీళ్ళు బాగా చల్లబడతాయి, ఉక్కపోసే ఒడిశాలోని బరంపురం తీరంలో అంతగా చల్లబడవు. క్లోరిన్ మోతాదు, బోరు నీళ్ళ తెల్లపొర, టబ్‌లో ఎంతసేపు కూర్చోవచ్చన్నది కూడా చివరికి ఈ మూత లెక్కకే వచ్చి ఆగుతాయి.

చంద్రపూర్ జిల్లా రాజురా వైపు ఒక ఇంటి డాబా అనుకుందాం. మే మూడో వారం. టబ్ హీటరు ఆపేసి పది రోజులైంది. తెల్లవారుజామున 5 గంటలకు మూత ఎత్తితే వెచ్చటి ఆవిరి ముఖాన కొడుతుంది. స్క్రీన్ మీద 39 అని ఉంటుంది. హీటరు ఎక్కడో ఆన్‌లోనే ఉండిపోయిందన్నది ఇంట్లోవాళ్ళ మొదటి అనుమానం. మెకానిక్ వచ్చి చూస్తే హీటరుకు కరెంటే అందడం లేదు. టబ్ బాగానే ఉంది, కాకపోతే అది తయారైనది ఈ ఊరి ఎండ కోసం కాదు.

చంద్రపూర్‌ను పాతతరం ఇప్పటికీ చాందా అనే అంటుంది. అక్కడ మేలో 45 డిగ్రీలు మామూలు, 46, 47 కూడా కొత్త కాదు. మే 25 ప్రాంతంలో సూర్యుడు రోహిణిలోకి వస్తాడు. అక్కడి నుంచి తొమ్మిది రోజులను మరాఠీవాళ్ళు నవ్‌తపా అంటారు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె అని మనవాళ్ళు అనేదీ ఈ రోజుల గురించే. దగ్గర్లోని తాడోబా అభయారణ్యంలో పులులు నీటి గుంటల దగ్గర బాగా కనిపించేది ఈ ఎండల్లోనే కాబట్టి చుట్టుపక్కల రిసార్టులకు గిరాకీ కూడా అప్పుడే. అంటే వేడినీళ్ళ టబ్ అవసరం తక్కువగా ఉండాల్సిన నెలల్లోనే దానికి వాడకం ఎక్కువ. దీన్ని చాలామంది జకూజీ అనే పిలుస్తారు. నిజానికి అది కంపెనీ పేరు, ఆ కంపెనీ పెట్టిన ఇటాలియన్ అన్నదమ్ముల ఇంటిపేరు.

వేడి ఎక్కడి నుంచి వస్తోంది

హాట్ టబ్ చలిని దృష్టిలో పెట్టుకుని చేసిన వస్తువు. బయట మంచు పడుతున్నా లోపల 38 డిగ్రీలు నిలబెట్టాలి కాబట్టి గోడల వెనక ఫోమ్ నింపుతారు, మూతలోనూ మందపాటి ఫోమ్ ఉంటుంది. బయటి చలిని ఆపే ఆ ఫోమే వేసవిలో లోపలి వేడిని బయటికి పోనివ్వదు. ఫ్లాస్కులో పోసిన టీ పరిస్థితే.

ఫ్లాస్కులోకి కొత్త వేడి ఎలా చేరుతోంది? ఎక్కువ టబ్‌లలో దానికి కారణం పంపే. హీటరు ఆపినా వడపోత కోసం పంపు రోజూ కొన్ని గంటలు తిరుగుతుంది. అది తినే కరెంటులో చాలా భాగం నీళ్ళ రాపిడిలో వేడిగా మారుతుంది. పొడవు, వెడల్పు రెండేసి మీటర్లుండి 1,200 లీటర్లు పట్టే టబ్‌ను లెక్కకు తీసుకుందాం. పంపు నుంచి ఒక కిలోవాట్ నీళ్ళలోకి చేరితే గంటకు ముప్పావు డిగ్రీ దాకా పెరుగుతుంది. వడపోత నాలుగు గంటలు నడిస్తే 3 డిగ్రీలు. మూత బిగించి ఉంటే ఆ 3 డిగ్రీలు పోయే దారి లేదు, మర్నాడు ఇంకో మూడు వచ్చి కలుస్తాయి.

దీనికి తోడు ఎండ. నిట్టనిలువు ఎండ చదరపు మీటరుకు దాదాపు ఒక కిలోవాట్ వేడి మోస్తుంది. ముదురు రంగు రెక్సిన్ మూత మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. డాబా మీద పెట్టిన టబ్‌కు కింద స్లాబు వేడి కూడా తప్పదు. రాత్రి పదింటికి కూడా చెప్పుల్లేకుండా నడవలేని డాబా మీద టబ్ ఒక్కటే ఎలా చల్లారుతుంది?

నీళ్ళు మరీ వేడెక్కితే చాలా మోడళ్ళు వాటంతటవే ఆగిపోయి స్క్రీన్ మీద ఓహెచ్ అన్న అక్షరాలు చూపిస్తాయి. అది పాడైపోయిన గుర్తు కాదు, హద్దు దాటిందన్న హెచ్చరిక. మూత తీసి చల్లారనిస్తే చాలా సందర్భాల్లో మళ్ళీ మామూలుగా పనిచేస్తుంది. విడిభాగాలు మార్పించే ముందు ఈ పని చేసి చూడటం మంచిది.

కుండకు తెలిసిన సంగతి

మట్టికుండలో నీళ్ళు చల్లబడేది కుండ ఒళ్ళంతా చెమర్చి ఆ తడి ఆరిపోవడం వల్ల. ఆవిరయ్యే ప్రతి చుక్కా మిగిలిన నీళ్ళ నుంచి వేడి లాక్కుని పోతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళు కావాలి. మన 1,200 లీటర్ల టబ్‌లో ఒక్క లీటరు ఆవిరైతే మొత్తం నీళ్ళు దాదాపు అర డిగ్రీ దిగుతాయి. 38 నుంచి 32కు దించాలంటే 12, 13 లీటర్లు, అంటే ఒక పెద్ద బిందెడు ఆవిరైతే చాలు.

ఐస్ సంగతి చూస్తే ఈ లెక్క విలువ తెలుస్తుంది. బజారు నుంచి 10 కిలోల ఐస్ దిమ్మ తెచ్చి ఈ టబ్‌లో వేస్తే తగ్గేది ఒక్క డిగ్రీ. ఆరు డిగ్రీలు దించాలంటే ఆరు దిమ్మలు మోయాలి. ఫంక్షన్ రోజున ఫొటోలకు బాగుంటుందేమో గానీ రోజూ అయ్యే పని కాదు. పైగా ఆ ఐస్ ఏ నీళ్ళతో చేశారో తెలియదు.

మూత వేసిన టబ్ అంటే ప్లాస్టిక్ కవరు చుట్టిన కుండ. అందులో నీళ్ళు చల్లబడకపోవడంలో వింతేమీ లేదు.

చాందా ఎండ వేరు, బరంపురం ఉక్క వేరు

ఆవిరి ఎంత వేగంగా లేస్తుందన్నది గాలిలో అప్పటికే ఎంత తేమ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. దీన్ని కొలిచే అంకె వెట్ బల్బ్ ఉష్ణోగ్రత. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి ఆడనిస్తే అది చూపించే అంకె ఇది. ఆవిరి ద్వారా నీళ్ళు అంతకన్నా కిందికి చల్లబడవు.

చంద్రపూర్‌లో మధ్యాహ్నం 45 డిగ్రీలుండి గాలిలో తేమ 15 శాతమే ఉంటే వెట్ బల్బ్ సుమారు 24. ఒడిశా వైపు బరంపురం, గోపాలపురం తీరంలో 36 డిగ్రీలే ఉండి తేమ 65 శాతం ఉంటే అది 30 దాటుతుంది. థర్మామీటరు ప్రకారం 9 డిగ్రీలు చల్లగా ఉన్న ఊరే నీళ్ళను చల్లబరచడంలో వెనకబడి ఉంది. చంద్రపూర్ పక్కనున్న బల్లార్షాలో ఇంటికో డెజర్ట్ కూలర్ కిటికీకి వేలాడుతూ ఉండటానికీ, బరంపురంలో అదే కూలర్ గదిని జిడ్డుజిడ్డుగా చేయడానికీ కారణం ఇదే. రెండు ఊళ్ళలోనూ చుట్టాలున్న కుటుంబాలకు ఈ తేడా కొత్తగా చెప్పక్కర్లేదు.

రాత్రిళ్ళు కూడా అంతే. చాందాలో 30 డిగ్రీలు, 30 శాతం తేమ ఉన్న రాత్రి వెట్ బల్బ్ 18 దగ్గర ఉంటుంది. తీరంలో 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉంటే 26. నీళ్ళు 38 దగ్గర ఉన్నంతవరకు రెండు చోట్లా మూత తీసిన ఫలితం కనిపిస్తుంది. నీళ్ళు 30కి దగ్గరయ్యేకొద్దీ దారులు వేరవుతాయి. గాలి వేగం ఒకటే అనుకుంటే అప్పటికి తీరంలో ఆవిరి లేచే వేగం చాందాలో దాంట్లో సుమారు మూడో వంతే. సముద్రపు గాలి కొంత ఆదుకుంటుంది గానీ లోటు మొత్తం పూడ్చదు. పర్లాకిమిడి, రాయగడ లాంటి లోపలి ఊళ్ళు ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటాయి. నాందేడ్ వైపు దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ లాంటివి మే నెలలో చాందా పక్షానే.

తీరంలో టబ్ నీళ్ళు నిజంగా చల్లగా కావాలనుకునేవాళ్ళకు చిల్లర్ అనే నీళ్ళు చల్లబరిచే యంత్రం తప్ప దారి లేదు. చాందా వైపు మాత్రం చిల్లర్ కొనేముందు ఒక వారం మూత, నీడ, వేళలు సరిచేసుకుని చూడటం లాభం.

పగలు నీడ, రాత్రి గాలి

పై లెక్కల నుంచి వచ్చే పద్ధతి కష్టమైనదేమీ కాదు. పగలు మూత వేసి ఉంచాలి, ఆ మూత మీద ఎండ పడకూడదు. ఈ ప్రాంతంలో ఇళ్ళ ముందూ దుకాణాల ముందూ కట్టే గ్రీన్ నెట్ ఇక్కడా పనికొస్తుంది. మూతకు అంటుకునేలా కాకుండా నాలుగైదు అడుగుల ఎత్తున కట్టాలి, మధ్యలో గాలి ఆడాలి. పొద్దు గుంకాక మూత తీసి, గాలి కలిపే జెట్లను కాసేపు నడిపితే బుడగలు పగిలే చోటల్లా ఆవిరి వేగం పెరుగుతుంది. అయితే జెట్ పంపు కూడా వేడి కలుపుతుంది కాబట్టి గంటల తరబడి నడపకూడదు. అరగంట నడిపి ఆపి, మిగతా పని రాత్రి గాలికి వదిలేయాలి.

వడపోత వేళలను మధ్యాహ్నం నుంచి తెల్లవారుజాముకు మార్చాలి. చాలామంది కొన్ననాటి సెట్టింగును అలాగే వదిలేస్తారు. రెండు గంటల చొప్పున విడగొట్టి, మూత తెరిచి ఉన్న వేళల్లో నడిపితే పంపు ఇచ్చే వేడి నిలవకుండా పోతుంది. వడపోతనే పూర్తిగా ఆపేస్తే చల్లగా ఉంటుంది కదా అనిపిస్తుంది. ఆ పని చేయకూడదు, కారణం కిందే ఉంది.

రాత్రంతా మూత తెరిచి ఉంచే చోట పిల్లలు, పెంపుడు జంతువుల సంగతి చూసుకోవాలి. మెట్ల తలుపుకు తాళం ఉండటం మంచిది.

క్లోరిన్ ఎందుకు నిలవదు

నీళ్ళు గోరువెచ్చగా ఉంచితే క్రిములు తగ్గుతాయన్నది అపోహ. ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది. హాయిగా ఉండాలని 33కు దించిన టబ్, 40 దగ్గర ఉన్న టబ్ రెండూ దానికి ఇష్టమైన చోట్లే. జెట్లు నడిచినప్పుడు లేచే సన్నని తుంపరతో అది ఊపిరిలోకి వెళ్తుంది. ఒంటి మీద దురదపెట్టే ఎర్రటి పొక్కులు తెచ్చే సూడోమోనాస్ కూడా ఇలాంటి నీళ్ళలోనే చేరుతుంది. కదలకుండా నిలిచిన వెచ్చని నీళ్ళు ఈ రెండింటికీ అనుకూలం. వడపోత ఆపకూడదన్నది అందుకే.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పే ప్రకారం హాట్ టబ్‌లో క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల భాగాల నీళ్ళకు మూడు భాగాలు) ఉండాలి, నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి. ఈ అంకెను నిలబెట్టడానికి వేసవిలో ఇన్ని అడ్డంకులు. ఎండ తగిలితే మామూలు క్లోరిన్ గంటలోపే సగమవుతుంది. వేడి నీళ్ళలో అది త్వరగా ఖర్చవుతుంది. చెమట, సన్‌స్క్రీన్ దాన్ని తినేస్తాయి. మన ఇళ్ళలో వీటన్నిటికన్నా పెద్ద పద్దు తలకు రాసుకునే కొబ్బరినూనె. నలుగురు నూనె తలలతో దిగితే నీళ్ళ మీద నురగ కడుతుంది, ఫిల్టరు మడతల్లో జిడ్డు పేరుకుంటుంది, పొద్దున్న వేసిన క్లోరిన్ మందు సాయంత్రానికి సున్నా. దిగే ముందు సబ్బుతో స్నానం చేయమనడం మర్యాద కోసం కాదు, మందు ఆదా కోసం.

ఎండకు క్లోరిన్ పోకుండా సైనూరిక్ యాసిడ్ కలిపిన మందులు అమ్ముతారు. ఈత కొలనులకు అవి పనికొస్తాయి. హాట్ టబ్‌లో మాత్రం వాడవద్దని సీడీసీ చెబుతుంది, ఎందుకంటే అది క్లోరిన్‌ను కాపాడుతూనే క్రిములను చంపే వేగాన్ని తగ్గిస్తుంది. టబ్‌కు మూత ఉండగా దాని అవసరమూ లేదు. పగలు మూత వేసి ఉంటే ఎండ తగలదు. పొద్దు గుంకాక మందు వేసి, జెట్లు నడిపి, ఇరవై నిమిషాలు మూత తీసి ఉంచితే వాయువు బయటికి పోతుంది. వేసిన వెంటనే మూసేస్తే ఆ వాయువు మూత లోపలి రెక్సిన్‌ను, కుట్లను తినేస్తుంది.

జెట్ల గాలితో ఇంకో చిక్కుంది. నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్ బుడగలతో లేచిపోయి పీహెచ్ పైకి పాకుతుంది. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం భాగం గట్టిగా పనిచేసే రూపంలో ఉంటుంది, 8 దగ్గర పావు వంతే. నీళ్ళలో ముంచి రంగు చూసే పరీక్ష చీటీ మీద క్లోరిన్ 3 చూపించినా పని సగానికి సగం తగ్గిపోయి ఉండవచ్చు. చల్లదనం కోసం రోజూ జెట్లు నడిపేవాళ్ళు పీహెచ్‌ను రెండు రోజులకొకసారైనా చూడాలి.

మందుల నిల్వ విషయంలో మాత్రం ఏ మినహాయింపూ లేదు. బ్లీచింగ్ పౌడర్‌నూ, ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్ళలనూ ఒకే డబ్బాలో, ఒకే గరిటెతో కలపకూడదు, మంట గానీ పేలుడు గానీ వస్తుంది. యాసిడ్, క్లోరిన్ కలిస్తే విషవాయువు పుడుతుంది. 45 డిగ్రీల ఎండలో రేకుల షెడ్డు వీటిని దాచే చోటు కాదు. లిక్విడ్ క్లోరిన్ అయితే ఆ వేడికి డబ్బాలోనే బలం తగ్గిపోతుంది, వేసిన మోతాదు సరిపోదు.

బోరు నీళ్ళు, తెల్లపొర

ఆవిరైపోయేది నీరు మాత్రమే. అందులోని సున్నం టబ్‌లోనే ఉంటుంది. 2 మీటర్ల టబ్‌లో మట్టం రోజుకు ఒక సెంటీమీటరు తగ్గితే 40 లీటర్లు పోయినట్టు. దాన్ని బోరు నీళ్ళతో నింపుతూ పోతే నెలకు 1,200 లీటర్లు, అంటే ఇంకో టబ్‌డు నీళ్ళ సున్నం వచ్చి చేరుతుంది. కాఠిన్యం నెల తిరిగేసరికి రెట్టింపు. గీజరు రాడ్డుకు పట్టే తెల్లపొర ఎందుకు పడుతుందో, జెట్ల మూతులు ఎందుకు బిగుసుకుపోతాయో దీంతో తేలిపోతుంది. బ్లీచింగ్ పౌడర్ వాడితే అది ఇంకొంత సున్నం కలుపుతుంది. కాల్షియం కార్బొనేట్ నీళ్ళు వేడెక్కేకొద్దీ తక్కువగా కరుగుతుంది. పీహెచ్ పెరిగితే ఇంకా తొందరగా పేరుకుంటుంది.

పగలంతా మూత వేసి రాత్రి మాత్రమే తీస్తే పోయేది రోజుకు 15 లీటర్ల దగ్గర ఆగితే, అదే రెట్టింపుకు 80 రోజులు పడుతుంది. చల్లదనం కావాలంటే ఆవిరి పోవాలి, ఆవిరి పోతే సున్నం మిగులుతుంది. రెండూ ఒకేసారి తప్పించుకునే ఉపాయం లేదు. ఎంత చల్లదనం అవసరమో అంతే ఆవిరి ఖర్చు పెట్టడం ఒక్కటే దారి.

చాందా, బల్లార్షా వైపు బొగ్గు దుమ్ము సంగతి వేరుగా చెప్పాలి. మూత తీసిన మర్నాడు నీళ్ళ అంచున నల్లటి గీత కనిపించవచ్చు. అక్కడ ఫిల్టరును వారానికోసారి పైపుతో కడగాలి. ఎండలో ఆరబెట్టిన రెండో ఫిల్టరు ఒకటి సిద్ధంగా ఉంటే టబ్ ఆగదు.

వేడినీటి బుగ్గలతో పోలిక ఇక్కడ తరచూ వస్తుంది. గంజాం జిల్లాలో తప్తపాణి, నాందేడ్ జిల్లాలో కిన్వట్ దగ్గర ఉన్‌కేశ్వర్ తరతరాలుగా తెలిసిన చోట్లే. మందు లేకుండా అక్కడ స్నానాలు చేయడం లేదా అన్నది ప్రశ్న. బుగ్గలో నీరు భూమిలోంచి ఊరుతూ, పొర్లి పోతూ ఉంటుంది. టబ్‌లో అదే నీరు రోజుల తరబడి తిరుగుతుంది.

ఒంటికి ఎంత వేడి

టబ్‌లో 40 డిగ్రీలు మించకూడదన్నది అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ దశాబ్దాలుగా చెబుతున్న హద్దు. అది దాటకూడని గరిష్ఠమే గానీ వేసవికి తగిన అంకె కాదని గుర్తుంచుకోవాలి. ఒంట్లో వేడి 37. నీళ్ళు అంతకన్నా వేడిగా ఉంటే మునిగిన చర్మం నుంచి వేడి బయటికి పోదు, లోపలికి వస్తుంది. చెమట పట్టినా నీళ్ళలో ఆరదు. మిగిలింది తల, మెడ. చలికాలంలో వాటికి చల్లగాలి తగులుతుంది. వడగాడ్పు సాయంత్రం 40 డిగ్రీల గాలి తగిలితే ఆ దారీ మూసుకుపోయినట్టే.

అందుకే వేసవి టబ్‌ను 30 నుంచి 34 మధ్య ఉంచుకోవడం సబబు. చర్మానికి వేడీ చల్లదనం తెలియని స్థాయి దాదాపు 33 నుంచి 35. అంతకు కాస్త కింద ఉంటే ఒళ్ళు మెల్లగా చల్లబడుతుంది. 37 దాటిన నీళ్ళలో పది, పదిహేను నిమిషాలకు మించి కూర్చోకూడదు. గర్భిణులు, చిన్నపిల్లలు, బీపీ, గుండె జబ్బులున్నవాళ్ళు వేడి టబ్‌లో దిగేముందు డాక్టరును అడగాలి. మద్యం తాగి దిగితే కళ్ళు తిరిగినా తెలియదు. ఎండలో సఫారీ తిరిగొచ్చి, సరిగా నీళ్ళు కూడా తాగకుండా, నేరుగా టబ్‌లో దిగడం ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా జరిగే పొరపాటు.

కరెంటు, స్లాబు, నల్లరేగడి

ఎండకు నేల ఎండిపోతే ఎర్తింగ్ బలహీనపడుతుంది. మే నెలలో ఎర్తింగ్ గుంతలో బకెట్టు నీళ్ళు పోసే పాత అలవాటు వెనక ఉన్నది ఇదే. టబ్ ఉన్న ఇంట్లో అది చాదస్తం కాదు. దాంతోపాటు కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి.

డాబా మీద బరువు సంగతి తక్కువగా ఆలోచిస్తారు. 1,200 లీటర్ల నీళ్ళే 1,200 కిలోలు. టబ్, నలుగురు మనుషులు కలిస్తే 4 చదరపు మీటర్ల మీద 1,700 కిలోల దగ్గరికి వస్తుంది, అంటే చదరపు మీటరుకు 400 దాటుతుంది. మనుషులు ఎక్కే డాబాకు భారతీయ ప్రమాణం ప్రకారం డిజైన్‌లో తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఇంజినీరును అడగకుండా పైన పెట్టకూడదు. కింద పెడితే నల్లరేగడి ఎండకు బీటలు తీసి, వానకు ఉబ్బుతుంది. మట్టి మీద నేరుగా పరిచిన పలకలు ఏడాదిలో ఒక పక్కకు ఒరుగుతాయి.

తొలకరి తర్వాత

జలజీవన్ మిషన్ గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. ఐదుగురి ఇంటికి 275. టబ్ ఒకసారి ఖాళీ చేసి నింపితే అలాంటి ఇంటికి నాలుగు రోజులకు పైగా సరిపడే నీళ్ళు. ఎండ నెలల్లో ట్యాంకరు మీద బతికే కాలనీలో ఈ అంకె పక్కింటివాళ్ళకు కూడా తెలుస్తుంది. ఖాళీ చేసేముందు మందు వేయడం ఆపి, మూత తీసి రెండు రోజులు ఎండ తగలనిస్తే క్లోరిన్ పోతుంది. పరీక్ష చీటీ సున్నా చూపించాక ఆ నీళ్ళు చెట్లకు వాడుకోవచ్చు. ఉప్పు, సున్నం ఎక్కువ కాబట్టి కుండీల కన్నా పెద్ద చెట్లకు పోయడం నయం. ఖాళీ టబ్ అడుగున చెంబెడు నీళ్ళు మిగిలితే డెంగీ దోమ వారం పది రోజుల్లో పిల్లలు పెడుతుంది. గుడ్డతో ఒత్తి ఆరబెట్టాలి.

మృగశిర దాటి తొలకరి పడితే చాందాలో ఎండ 10 డిగ్రీలు తగ్గవచ్చు, కానీ గాలిలో తేమ పెరిగి వెట్ బల్బ్ పైకి వెళ్తుంది. మే చివర్లో మూత తీసిన రాత్రికి బాగా దిగిన నీళ్ళు జూన్ మూడో వారంలో అదే మూత తీస్తే అంతగా చల్లబడవు. బల్లార్షాలో కూలర్లు పనిచేయడం మానేసే వారమూ అదే. అప్పటి నుంచి అక్టోబరు దాకా అక్కడి టబ్‌ను బరంపురం టబ్‌లాగే చూసుకోవాలి: పంపు వేళలు ఇంకా తగ్గించి, మూత మీద నిలిచే వాన నీళ్ళు దులిపి, వాన పడిన ప్రతి రాత్రీ క్లోరిన్ మళ్ళీ కొలిచి.